గంట మ్రోగవలసిన గీత

భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినంతనే మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు చేరినప్పుడు రెండవదియు, 53 అడుగులకు చేరినప్పుడు మూడవదియు జారీ చేయుదురన్న సంగతి వానకాలమున వార్తలు వినెడి ప్రతి తెలుగువానికిని తెలిసినదే. ధవళేశ్వరము బ్యారేజి వద్ద ఆ మూడు గీతలును 11.75, 13.75, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో భద్రాచలమున నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినప్పుడు తీరవాసులు తిథివార నక్షత్రములను మరచి ఈ అంకెలనే గంటగంటకును జపించిరి. మా చోడవరము గోదావరికి దూరమే యైనను గీతల సంగతి మాకు క్రొత్త కాదు. దేవరాపల్లి వద్దనున్న రైవాడ జలాశయమునకు పూర్తి మట్టము 114 మీటర్లనియు, నీరు ఆ గీతకు చేరువగుచున్నదనగానే గేట్లెత్తి శారదానదిలోనికి వదలుదురనియు, వదలుటకు ముందు దిగువ గ్రామములకు కబురు చేయవలెననియు ఇచ్చటి రైతునకు ఎవరును బోధింప నక్కరలేదు.

నదికి గీత గీచిన మనుష్యుడే, కంటికి కనబడని మరియొక ప్రవాహమునకు, అనగా మన ఇండ్లలోని ఫోనులకును టీవీలకును బ్యాంకులోని కంప్యూటర్లకును క్షణక్షణము పారుచున్న సమాచార ప్రవాహమునకు సైతము గీత గీచి, అది దాటినప్పుడు తనంతట తానే గంట మ్రోగునట్లు ఏర్పాటు చేసికొన్నాడు. ఆ గంటను నెట్‌వర్క్ పనివారు థ్రెషోల్డ్ అలారం అందురు. దానిని అమర్చుట నాలుగు నిముషముల పని. దానికి గీత యెచ్చట గీయవలెనో నిశ్చయించుట మాత్రము నాలుగు వారముల పని. ఈ రెండవ పనిని గురించియే నేను కొంచెము విస్తరించి చెప్పదలచితిని.

ముందుగా ఆ ప్రవాహము మా ఊరికి వచ్చిన దారి చెప్పవలెను. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతులమీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌గ్రిడ్ ప్రజలకు అంకితమైనది. భూమిని త్రవ్వి గొట్టములు పాతుటకు బదులుగా, ఉన్న కరెంటు స్తంభములమీదనే సుమారు 24,000 కిలోమీటర్ల గాజునార తీగను వ్రేలాడదీసి, 2,400కు పైబడిన విద్యుత్ సబ్‌స్టేషన్లను మజిలీలుగా చేసికొని, విశాఖపట్టణమున నిర్వహణ కేంద్రమును నెలకొల్పి, అచ్చటినుండి రాష్ట్రమంతటిని కనిపెట్టి చూచుట దాని పద్ధతి. సబ్‌స్టేషను దాక వచ్చిన తీగను ఇంటింటికిని చేర్చువారు ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లు. అదియు గాక తమతమ సొంత తీగలు లాగికొన్న సంస్థలు వేరుగా కలవు. చోడవరము 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలోనిదైనను, అడ్రసు వ్రాయునప్పుడు మా చేయి ఇంకను విశాఖపట్టణము జిల్లా అనియే వ్రాయును. అట్లే, తీగ ఎవరిదైనను, ఇంటర్నెట్టు ఆగినప్పుడు మా ఊరి జనము ఫోను చేయునది మాత్రము వీధి చివరనున్న కేబుల్ ఆపరేటరుకే.

అట్టి ఆపరేటరు గదిలోనికి పోయి చూచినచో, చల్లని గాలి మధ్య ఇనుప చట్రములో బిగించిన ఒక పలుచని పెట్టెయు, దాని ముఖమున వరుసగా 24 రంధ్రములును, ఒక్కొక్క రంధ్రము చెంత మిణుకుమిణుకుమను పచ్చని దీపమును కనబడును. అదియే స్విచ్. తపాలా కచేరీలో సార్టరు ఒక్కొక్క జాబుమీది అడ్రసు చదివి ఆయా ఊళ్ల సంచులలో వేయునట్లు, ఇది తనయొద్దకు వచ్చిన ప్రతి ప్యాకెట్టుమీది చిరునామాను చదివి సరియైన రంధ్రము గుండ బయటికి పంపును. ఆ రంధ్రములకు పోర్టులని పేరు. సార్టరుకు లేని మరియొక గుణము దీనికి కలదు. ఏ పోర్టుగుండ ఎన్ని బైట్లు వచ్చినవో, ఎన్ని పోయినవో, దారిలో చెడి చదువ వీలులేకుండ వచ్చిన ప్యాకెట్టులెన్నియో, చోటు చాలక తాను పారవేసినవెన్నియో, సమస్తమును లెక్క వ్రాసికొనుచుండును. కాని చిత్రగుప్తుడు యముడడిగిననే గాని చిట్టా విప్పనట్లు, ఇదియు అడిగినవానికే చెప్పును. అడుగువాడు లేనిచో, పోర్టు కిటకిటలాడుచున్నను, ప్యాకెట్టులు సగము చెడిపోవుచున్నను పచ్చదీపము మాత్రము యథాప్రకారము మిణుకుచునే యుండును. చందాదారునకు సినిమా ఆగినప్పుడు గాని సంగతి బయటపడదు.

అడుగుటకు ఒక భాష 1988లో ఏర్పడినది. దానికి ఎస్ఎన్ఎంపీ యని పేరు. నిర్వహణ కేంద్రములోని కంప్యూటరు ఐదేసి నిముషముల కొకసారి ప్రతి స్విచ్చును పలుకరించి లెక్క లడిగి తెలిసికొనును. పది పెట్టెలున్నచోట ఇది చక్కని పద్ధతియే గాని, వేలకొలది పెట్టెలు గల రాజ్యమున అడుగుటయే యొక పెద్ద రద్దీ యగును. పైగా ఐదు నిముషములలో నాలుగవ నిముషమున లేచి ఐదవ నిముషమున అణగిన ఉపద్రవము ఆ కంటికి పడనే పడదు. అందుచేత కాపలావానిని కేంద్రమున గాక పొలము గట్టుననే నిలుపుట మేలని తలచి, 1991 నవంబరులో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీవెన్ వాల్డ్‌బుస్సర్ ఒక ప్రమాణపత్రమును రచించెను. అదియే ఆర్ఎఫ్‌సీ 1271. ఆర్‌మాన్ అని వాడుకలోనున్న ఈ పద్ధతి 1995లోను, 2000లోను సంస్కరింపబడి నేటికిని వేర్వేరు కంపెనీల స్విచ్చులలో నిలిచియున్నది. ఇందు తొమ్మిది విభాగములున్నను స్విచ్చులలో సామాన్యముగా కనబడునవి నాలుగే: లెక్కలు, చరిత్ర, అలారము, ఈవెంటు. చివరి రెంటికిని గల భేదమును గుర్తుంచుకొనవలెను. గంట ఎప్పుడు మ్రోగవలెనో చెప్పునది అలారము. మ్రోగినప్పుడు ఏమి చేయవలెనో, అనగా తన పుస్తకములో వ్రాసికొని ఊరకుండవలెనో, కేంద్రమునకు కబురంపవలెనో, రెండును చేయవలెనో చెప్పునది ఈవెంటు. క్రొత్తవారు ఒకటి వ్రాసి రెండవది మరచి, గంట మ్రోగుట లేదేమని తలపట్టుకొని కూర్చుందురు.

ఈ వ్యాసమునకు కారణమైన యువకుడు మా ఊరిలో ఒక ఆపరేటరు వద్ద సాంకేతికపు పని చేయుచున్నాడు. ఒకప్పుడు నావద్ద లెక్కలు చదివినవాడు. ఒకనాటి ఉదయము దారిలో కనబడినప్పుడు, అతని కన్నులు ఎఱ్ఱగా నుండుట చూచి నేను కారణ మడుగగా, "ఏటి సెప్పమంటారు మేస్టారూ! పోర్టులో రద్దీ ఎనబై శాతం దాటితే నాకు మెసేజీ రమ్మని పెట్టానండి. రాత్రి తొమ్మిదికి మొదలెట్టి పదకొండు దాకా ఫోను ఆగకుండా కొట్టుకుంటానే ఉంది. కంచం ముందు కూకుని ముద్ద నోట్లో పెట్టుకోలేదండీ," అని మొరపెట్టుకొనెను.

"రెండో గీత ఎక్కడ పెట్టావు నాయనా?" అని అడిగితిని.

"డెబ్బైతొమ్మిదండి," అనెను.

నాకు నవ్వు వచ్చినను ఆపుకొంటిని. ఏలయనగా ఈ విద్యలో అడుగిడిన ప్రతివాడును ఆ గోతిలో ఒకసారి పడినవాడే. ఆర్‌మాన్ అలారమునకు గీత ఒకటి కాదు, రెండు. పైగీతను ప్రవాహము క్రిందినుండి దాటినప్పుడు గంట ఒక్కసారి మ్రోగును. ఆ తరువాత ప్రవాహము ఆ పైగీతను ఎన్నిసార్లు దిగి ఎక్కినను, దిగువగీతకు పోయి దానిని తాకినదాక మరల మ్రోగదు. దిగువగీతను తాకినప్పుడు శమించినదను కబురు ఒకటి పంపి, పైగంటను మరల మ్రోగుటకు సిద్ధము చేయును. ఇట్లు ఒకటి మ్రోగినగాని రెండవదానికి వంతు రాదు. ఈ రెండు గీతల నడుమనున్న ఖాళీచోటునందే ఈ యంత్రముయొక్క వివేకమంతయు ఇమిడియున్నది.

ఇంటిమీది నీటిట్యాంకునకు అమర్చిన స్వయంచాలక మోటారును చూడుడు. ట్యాంకు నిండినప్పుడు ఆగును. కాని ఎవరో ఒక చెంబెడు నీరు వాడుకొన్నంతనే మరల తిరుగ మొదలుపెట్టదు. నీరు బాగుగ అడుగునకు దిగినపుడే తిరుగును. నిండుగీతకును అడుగుగీతకును వ్రేలెడు ఎడమే యుంచినచో మోటారు నిముషమున కొకసారి ఆగి తిరిగి, వారము నాళ్లలో కాలిపోవును. మా యువకుడు చేసిన పని అదియే. కాలినది మోటారు గాక అతని నిద్ర. రాత్రి తొమ్మిది గంటలకు ఊరందరును సినిమాలు చూచు వేళ ప్రవాహము 78కిని 82కిని నడుమ ఊగులాడుట సహజము. గీతలు 80, 79 అయినప్పుడు ప్రతి ఊగుటకును ఒక ఆరోహణపు గంట, ఒక అవరోహణపు గంట. గోదావరి యొక అడుగు ఎక్కుటకు గంటలు పట్టును గనుక అచ్చట ఒక్కొక్క హెచ్చరికకు ఒక్క గీతతో పని జరుగును. ప్యాకెట్టుల నది క్షణమున కొకసారి ఎగసిపడునది గనుక దీనికి రెండు గీతలు కావలెను, అవియు దూరదూరముగా ఉండవలెను.

ఇక అంకెల సంగతి. పోర్టు గిగాబిట్ వేగము గలదనుకొందము. నిండుగా పారినప్పుడు సెకనుకు 12.5 కోట్ల బైట్లు పోవును. అందు 80 శాతము 10 కోట్లు. స్విచ్ పది సెకనుల కొకసారి లెక్క చూచునట్లు అమర్చినచో పైగీత 100 కోట్లు. 60 శాతము దగ్గర దిగువగీత 75 కోట్లు. పది సెకనులు మరీ తొందర, ముప్పది సెకనులు పెట్టుదమనినచో, పైగీత 300 కోట్లు కావలసివచ్చును. కాని స్విచ్ ఆ అంకెను స్వీకరింపదు. ప్రమాణపత్రమున గీతకై కేటాయించిన అరలో పట్టు మిక్కిలి పెద్ద అంకె 2,147,483,647, అనగా సుమారు 214 కోట్లు. అంతకన్న వింత యేమనగా, బైట్లను లెక్కించు పాత కౌంటరు 4,294,967,295 వఱకు ఎంచి, పిమ్మట పాత స్కూటరు మీటరువలె సున్నకు తిరిగివచ్చును. ఆ కౌంటరును ఏర్పరచిన కాలమున తీగల వేగము సెకనుకు ఒక కోటి బిట్లు. ఆ వేగమున ఒక చుట్టు తిరుగుటకు 57 నిముషములు పట్టెడిది. గిగాబిట్ పోర్టులో 34 సెకనులకే తిరిగిపోవును. నిముషమున కొకసారి చూచువానికి అది ఒకసారి తిరిగినదో రెండుసార్లు తిరిగినదో తెలియదు గనుక నిండుగా పారుచున్న పోర్టు సైతము సోమరిగా కనబడును. తరువాత పెద్ద కౌంటర్లు వచ్చినవి. వానికి తగిన పెద్ద గీతలకై 2002లో వేరొక ప్రమాణపత్రము వచ్చినది. ఐనను మన స్విచ్చులో ఏది యున్నదో చూచికొనకుండ అంకె వేయరాదు.

మరియొక గొయ్యి దీనికన్న లోతైనది. కౌంటరు విలువను ఉన్నదున్నట్లు గీతతో పోల్చవలెనా, లేక పోయినసారి చూచినప్పటికిని ఇప్పటికిని గల వ్యత్యాసమును పోల్చవలెనా అని స్విచ్ మనలను ప్రశ్నించును. మొదటిది ఆబ్సొల్యూట్, రెండవది డెల్టా. కరెంటు మీటరు చూచినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. మీటరుమీది అంకె ఇల్లు కట్టిననాటినుండి పెరుగుచున్న మొత్తము. ఈ నెల బిల్లు దానిలోని వ్యత్యాసము. చెడిన ప్యాకెట్టుల కౌంటరుకు ఆబ్సొల్యూట్ పద్ధతిని పైగీత 100 అని పెట్టినవాడు, మూడు నెలలలో ఒక్కొక్కటిగా నూరు ప్యాకెట్టులు చెడిననాడు ఒకసారి గంట విని, తరువాత కౌంటరు ఎన్నడును దిగదు గనుక, తీగ తెగి వ్రేలాడుచున్నను మరల గంట వినడు. అట్టివాటికి డెల్టా కావలెను. పెట్టెలోని వేడిమి, ప్రాసెసరుమీది భారము వంటి ఎక్కి దిగు విలువలకు ఆబ్సొల్యూట్ చాలును. అలారము పెట్టిన మరుక్షణముననే ప్రవాహము దిగువగీతకు లోబడియున్నదని యొక గంట మ్రోగి క్రొత్తవానిని బెదరించుట కూడ కద్దు; ఆరంభమున ఆరోహణమునకు మాత్రమే మ్రోగుమని చెప్పినచో అది యుండదు.

ఇంతవఱకు చెప్పినదంతయు యంత్రమునకు సంబంధించినది. ఏ యంత్రమునకు ఎనుబది, ఏ యంత్రమునకు నలుబది అనునది ఊరిని బట్టి యుండును. నెట్‌వర్కు ఆరోగ్యముగా నున్నప్పుడు దాని నాడి యెట్లుండునో చూడనివాడు జ్వరమును గుర్తుపట్టలేడు. ఉదయము పదింటికి మండల కార్యాలయములు తెరచినప్పటి పోటు, మధ్యాహ్నపు నిదానము, సాయంకాలము బడిపిల్లలు ఇంటికి వచ్చినప్పటి ఎత్తు, రాత్రి భోజనముల వేళ శిఖరము, పరీక్షా ఫలితములు వెలువడు దినమున, క్రికెట్ ఆట యున్న రాత్రి కలుగు అపూర్వమైన తాకిడి, వీనిని కనీసము రెండు వారములు కాగితముమీద గుర్తుంచుకొనినచో గీత తనంతట తానే కనబడును. అట్లు చూడక పుస్తకములోని 80ని తెచ్చి అన్ని పోర్టులకును ఒకే తీరున అంటగట్టుట, ఊరిలోని అందరికిని ఒకే కొలత చొక్కా కుట్టించుటయే.

గీత ప్రమాదపు అంచున కాక ఎంత ముందుగా నుండవలెనో మా ప్రాంతపు బెల్లము వంటవారిని అడిగి తెలిసికొనవలెను. అనకాపల్లి బెల్లపు బజారుకు సరుకు పంపు ఈ చెరకుసీమలో, పెనములోని రసము పాకమునకు వచ్చుచున్నప్పుడు వంటవాడు చిటికెడు తీసి నీటిలో వేసి వ్రేళ్లతో నలిపి చూచును. పాకము సరిగా కుదిరినదాక మంట ఆపకుండ ఊరకుండినచో, ఆ ఇనుప పెనములోని వేడి ఇంకను కొంతసేపు పనిచేసి బెల్లమును మాడ్చును. అందుచేత కుదురుటకు కొంచెము ముందుగానే దింపును. ఎంత ముందుగా అనునది పెనము చల్లారుటకు పట్టు కాలమును బట్టి యుండును. నెట్‌వర్కులోను అంతే. పోర్టు నిండుచున్నదని తెలిసిన తరువాత పెద్ద తీగ తెప్పించుటకు రెండు నెలలు పట్టునట్లయిన, సాయంకాలపు శిఖరము 70 శాతమునకు వచ్చిననాడే గంట వినబడవలెను.

కొన్ని ఆపదలకు మాత్రము ముందుగీత యనునదే లేదు. ఎవరో ఒక కుఱ్ఱవాడు ఖాళీగా వ్రేలాడుచున్న తీగ కొసను చూచి, ఎందులోనుండియో ఊడినది కాబోలునని తలచి, అదే స్విచ్చులోని మరియొక పోర్టులో గ్రుచ్చును. అంతట, అందరికిని చేరవలసిన ప్రకటన ప్యాకెట్టు ఒకటి ఆ చుట్టులో పడి, ఒకటి రెండై, రెండు వేలై, రెండు మూడు సెకనులలో ఊరి నెట్‌వర్కునంతటిని ముంచివేయును. దీనిని తుఫాననియే ఆ శాస్త్రమువారు పిలుతురు. ఇట్టి చుట్టులను కనిపెట్టి తామే తెంచుకొను ఉపాయమును 1985లో రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి కల్పించెను గాని, బజారులో చవుకగా దొరకు చిన్న పెట్టెలలో అది యుండదు. ఆ చవుక పెట్టెలే మన అంగళ్లలోను ఇండ్లలోను ఎక్కువ. ఇట్టిచోట గంట విని మనుష్యుడు లేచివచ్చులోపల పని ముగిసిపోవును. కావున స్టార్మ్ కంట్రోల్ అను వేరొక అమరిక కలదు. ప్రకటన ప్యాకెట్టులు పోర్టు సామర్థ్యములో, మాటకు, 20 శాతము దాటినంతనే వానిని ఆపివేసి, 10 శాతమునకు దిగినపిమ్మట మరల అనుమతించునట్లు, లేదా ఆ పోర్టునే మూసివేయునట్లు చెప్పవచ్చును. ఇందును రెండు గీతలే. కాని గంటతో పాటు చేతికి కత్తి కూడ ఇచ్చితిమన్నమాట. ఆ కత్తిని ఊరంతటికిని దారియైన ప్రధాన పోర్టుకు ఇచ్చుట మాత్రము, నా అభిప్రాయమున, తెలివియైన పని కాదు.

స్తంభములమీది గాజునార విషయమున గీతలు మరియొక తీరున నుండును. కాంతిని పంపి స్వీకరించు చిన్న మాడ్యూలు, స్విచ్చులో గ్రుచ్చబడి, తన వేడిమిని, వోల్టేజిని, లేజరునకు పోవు విద్యుత్తును, పంపిన కాంతిని, అందిన కాంతిని తానే కొలుచుకొనును. ఒక్కొక్కదానికి పైన రెండు, క్రింద రెండు చొప్పున నాలుగేసి గీతలను కర్మాగారమువారే గీచి పంపుదురు. కాంతిని కొలుచు డీబీఎమ్ అను కొలత కొంచెము చిత్రమైనది: మూడు తగ్గినచో కాంతి సగమైనదని అర్థము. మన ఇండ్లలోని ఫైబరు పెట్టెలలో సామాన్యమైన రకము, మైనస్ 27 వఱకు, అనగా వాట్టులో పది లక్షలవ వంతులు రెండు మాత్రమే అందినను చదువగలదు. దానికి మించి తగ్గినచో తడబడును. ఒక ఇంటిలో నిన్నటివఱకు మైనస్ 20 అందుచుండి నేడు మైనస్ 24 అందుచున్నదనుకొనుడు. కర్మాగారపు గీత ప్రకారము అంతయు క్షేమమే, గంట మ్రోగదు. కాని ఒక్క రాత్రిలో కాంతి నూటికి అరువది పాళ్లు పోయినది. ఎచ్చటనో గాలికి తీగ వంగినదో, అతుకులో వాననీరు చేరినదో, ఉడుత కొరికినదో జరిగియుండును. ఇట్టిచోట, గీత లోకమంతటికి ఒకటిగా నుండక, ఆ తీగ నిన్నటి విలువనుండి రెండో మూడో తగ్గినప్పుడు మ్రోగునట్లు పెట్టినవాడే నేర్పరి. రేపు పడు వానకు ముందే అతడు స్తంభమెక్కును.

ఇక మ్రోగిన గంట ఎవరికైనను వినబడవలెను గదా. స్విచ్ కేంద్రమునకు పంపు కబురును ట్రాప్ అందురు. అది కార్డుముక్కవంటిది, డబ్బాలో వేసిన తరువాత చేరినదో లేదో పంపినవానికి తెలియదు. రసీదు కోరు మరియొక రకము కలదు, దానికి ఇన్‌ఫార్మ్ అని పేరు. అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టరు చేసిన ఉత్తరమువలె, రసీదు రానిచో మరల పంపును. కాని కబురు పోవు దారియు ఆ తీగయే గనుక, తీగయే తెగినప్పుడు కార్డును లేదు, రిజిస్టరును లేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి స్తంభములు కూలి, తీగలు తెగి, ఫోనులు మూగవోయి, ప్రక్కయూరి క్షేమము తెలియుటకు మనుష్యుడు నడచిపోవలసి వచ్చిన ఆ దినములను ఈ జిల్లావారెవరును మరువలేదు. అప్పుడు కబురు లేకపోవుటయే కబురు. కావున గట్టుమీది కాపలావాడు ఎంత సమర్థుడైనను, కేంద్రమునుండి అప్పుడప్పుడు కేకవేసి పలుకుచున్నాడా లేడా అని చూచు పాత పద్ధతిని మానివేయరాదు.

ఈ సందర్భమున నాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటు ఒకటి చెప్పవలెను. కరెంటు పోయిన క్షణమున, ఇంటిలోని ఫైబరు పెట్టె తన కెపాసిటరులో మిగిలిన లవలేశమైన శక్తితో, కన్ను మూయుటకు ముందు, విద్యుత్తు లేక పోవుచున్నానని ఒక్క మాట కేంద్రమునకు పంపి ఆరిపోవును. ఇంగ్లీషువారు దానిని డైయింగ్ గాస్ప్ అనిరి; మన మాటలో కొనయూపిరి. ఇది వేసవి కోతల దేశమున ఎంత ఉపకారియో చూడుడు. కొనయూపిరి వినబడి పెట్టె ఆరినదా, కరెంటు పోయినది, ఎవరును లేవనక్కరలేదు. కొనయూపిరి లేకయే ఆరినదా, తీగ తెగినది, నిచ్చెన తీయవలెను. రెండింటను చందాదారుని ఫిర్యాదు మాత్రము ఒక్కటే: "నెట్టు రావట్లేదు." ఇట్టి కబురుల వేళలను గుర్తించు గడియారము సంగతి ఒక్క మాటతో ముగింతును: స్విచ్చులన్నిటికిని ఒకే కాలము చూపునట్లు చేయనిచో, తీగ ముందు తెగినదో పోర్టు ముందు మూతపడినదో చిట్టా చూచి చెప్పుట బ్రహ్మకును తరము కాదు.

అన్నిటికన్న పెద్ద రోగము అలారముల అతివృష్టి. నూరు పోర్టులకు నాలుగేసి చొప్పున నాలుగు వందల గంటలు కట్టి, అన్నిటిని ఒకే మనుష్యుని జేబులోని ఫోనులో మ్రోగించువారిని నేనెరుగుదును. మూడవనాటికి అతడు ఫోను చప్పుడు ఆపివేయును. నాలుగవనాడు నిజముగా పులి వచ్చును. గంట కట్టుటకు ముందు, అది అర్ధరాత్రి మ్రోగినచో లేచి నీవు చేయగల పని యేమి అని తన్ను తాను ప్రశ్నించుకొని, చేయగల పని లేనిదానిని పుస్తకములో వ్రాసికొనుటకు మాత్రమే విడిచి, ఉదయమున తీరికగా చదువుకొనుట మంచిది. ఈవెంటు విభాగమున వ్రాసికొనుము అనియు, కబురంపుము అనియు రెండు వేర్వేరు ఆజ్ఞల నుంచిన మహానుభావునికి ఈ సంగతి తెలిసియే యుండును.

మా యువకునితో కూర్చుండి ఆ సాయంకాలమున రెండు వారముల లెక్కలు తిరుగవేసితిమి. ప్రధాన పోర్టు శిఖరము తరచుగా 82, 83 దగ్గర నిలుచుచున్నట్లు తేలినది. పైగీతను 85కు పెంచి, దిగువగీతను 60కి దింపి, తక్కిన పోర్టుల గంటలలో మూడువంతులు పుస్తకములోనికి మరలించితిమి. పెద్ద తీగకై యజమానికి అర్జీ వ్రాయించితిని. మరునాడు క్రికెట్ ఆట యుండెను. ఆ మరుసటి ఉదయమున అతడు దారిలో కనబడి, ఫోను రెండేసార్లు మ్రోగినదనియు, తొమ్మిదింబావుకు ఎక్కినట్లొకటి, పదకొండు దాటినపిమ్మట దిగినట్లొకటి వచ్చినదనియు చెప్పెను.

"ఆ మధ్యన ఏం చేశావు నాయనా?" అని అడిగితిని.

"మా అమ్మ సేపల పులుసు సేసిందండి," అనెను. "రెండుసార్లు మారెట్టించుకుని తిన్నాను మేస్టారూ."